స్కాట్లండ్ ప్రభువుల వంశంతో చుట్టరికం ఉందా? ఎలా తెలుసుకోవాలి?

"మా ముత్తాత స్కాట్లండ్ నుంచి వచ్చాడట, పెద్ద ప్రభువుల వంశమట" అని ఇంట్లో చెప్పుకుంటుంటే, ముందు ఆ ప్రభువును పక్కన పెట్టండి. పైనుంచి కిందికి వెతికితే దారి తప్పుతుంది. మీ నుంచి ఒక్కో తరం వెనక్కి వెళ్లండి. ప్రతి తరానికీ ఒక కాగితం ఉండాలి.

మొదట ఇంట్లో ఉన్న బాప్తిస్మ పత్రాలు, ఫొటోల వెనక రాతలు, సమాధుల మీది పేర్లు పోగు చేయండి. ముత్తాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడైతే, ఇక్కడి చర్చిల బాప్తిస్మం, పెళ్లి, ఖనన రికార్డుల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు వరుస నంబరు ఎన్/2.

తర్వాత స్కాట్లాండ్స్‌పీపుల్ అనే స్కాట్లండ్ ప్రభుత్వ పాత రికార్డుల వెబ్‌సైట్. పేరు వెతకడం ఉచితమే, అసలు పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. స్కాట్లండ్‌లో పుట్టుకలు, పెళ్లిళ్లు, మరణాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ 1855 జనవరి 1న మొదలైంది. మరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు కూడా ఉంటాయి కాబట్టి, ఒక మనిషి 1860లో చనిపోయినా 18వ శతాబ్దపు తరం దొరకవచ్చు. 1855 పత్రాలైతే నిజంగా నిధే. ఆ ఒక్క ఏడాదే అన్ని వివరాలు రాశారు, మరుసటి ఏడాది తగ్గించేశారు. మీ వాళ్లలో ఎవరైనా, తోబుట్టువులైనా సరే, ఆ ఏడాది పుట్టారా, పోయారా అని తప్పకుండా చూడండి.

1855కు ముందు చర్చి రిజిస్టర్లే ఆధారం. అన్నిటికంటే పాతది ఎరోల్ అనే ఊరిది, 1553లో మొదలైంది. చాలా ఊళ్లలో మధ్యలో ఏళ్లకు ఏళ్లు ఖాళీలుంటాయి.

ఇక్కడే ఆశ తొందరపెడుతుంది. కాంప్‌బెల్ అనే పేరున్న ప్రతివాడూ కాంప్‌బెల్ వంశపెద్ద అయిన ఆర్గైల్ డ్యూక్‌కు బంధువు కాడు. జమీందారు ఇంటిపేరే మనకూ ఉన్నంత మాత్రాన మనం ఆ కోట వారసులం కాము కదా. వంశచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్) కూడా వంశం మొత్తానికి చెందదు. దాన్ని లార్డ్ లయన్ కోర్టు, అంటే స్కాట్లండ్‌లో ఈ చిహ్నాలను చూసుకునే కోర్టు, ఒక వ్యక్తికి ఇస్తుంది. ఆ చిహ్నాల రిజిస్టరు 1672 నుంచి ఉంది.

కాబట్టి భూమి కాగితాలు పట్టుకోండి. 1868 వరకు స్కాట్లండ్‌లో భూమిని వీలునామాలో రాసివ్వడం కుదిరేది కాదు. అందుకే వీలునామాలో ఎస్టేటు మాట లేదని నిరాశపడకండి. భూమికి వారసుడెవరో తేల్చిన రికార్డులను రిటూర్స్ అంటారు, అవి 1530ల నుంచి ఉన్నాయి. భూమి బదిలీల సాసైన్స్ రిజిస్టరు 1617లో మొదలైంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ అయితే, తండ్రి పేరు కిర్క్ సెషన్ అనే చర్చి పెద్దల సభ మినిట్స్‌లో దొరకవచ్చు.

చివరికి 1904-1914 మధ్య తొమ్మిది సంపుటాలుగా వచ్చిన 'ది స్కాట్స్ పీరేజ్' అనే స్కాట్లండ్ ప్రభువుల వంశావళి గ్రంథం తెరవండి. అందులో పెద్దకొడుకుల గురించే ఎక్కువ ఉంటుంది. చిన్నకొడుకుల్లో మీ ముత్తాత పేరే కనబడితే, అతని పుట్టిన ఏడు మీ దగ్గరున్న మరణ పత్రంలోని వయసుతో సరిపోతోందో లేదో ముందు లెక్క చూడండి.