చేతి గాలానికి సూర: తాడు, డైవర్, సాగే రబ్బరు

మా పడవలో చుక్కాని మా ఆయనది, తాళ్లు నావి. ఈ పంపకం ఎందుకు జరిగిందో చెప్తాను. మొదటిసారి సూర (ట్యూనా చేప) కోసం తాడు వేసినప్పుడు ఆయనే కట్టారు. మంచి తాడు, మంచి గాలం, జారని ముడి. వెనక రెయిలింగు స్తంభానికి బిగించి, "ఇక ఏనుగు పడినా తెగదు" అన్నారు. నిజంగానే తెగలేదు. తెల్లవారుతుండగా ఒకే ఒక్క దెబ్బ పడింది, స్తంభం టంగుమని మోగింది. లాగి చూస్తే గాలానికి పెదవి ముక్క వేలాడుతోంది, బొటనవేలి గోరంత. చేప లేదు.

చేతి గాలంతో ట్యూనా పట్టాలంటే తాడు బలం కంటే ముందు చూడాల్సింది సాగుడు. రాడ్ ఉంటే అది వంగుతుంది, రీల్ బ్రేకు జారుతుంది, చేప కొట్టిన దెబ్బ ఆ రెండింట్లో పోతుంది. చేతి గాలానికి అవేవీ లేవు. ఒకవైపు పడవ ముందుకు పోతుంటుంది, ఇంకోవైపు సూర ఎర నోట పెట్టుకుని పక్కకు తిరుగుతుంది. మధ్యలో సాగేది ఏదీ లేకపోతే చిరిగేది చేప నోరే.

ఇలా పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. నెట్లో తిట్టుకోవడం కాదు, ట్రాల్ వల లాగడం అంతకన్నా కాదు. నడుస్తున్న పడవ వెనక ఎరను లాక్కుంటూ పోవడం, అంతే. నేను రెండే తాళ్లు వేస్తాను: ఒకటి నీటి పైపైన పోయేది, ఇంకోటి డైవర్‌తో, అంటే ఎరను లోతుకి దింపే రేకుతో, లోపలికి దిగేది. నాలుగు వేసేవాళ్లు ఉన్నారు. ఇద్దరే ఉన్న పడవలో నాలుగు తాళ్లంటే చేపలకంటే చిక్కులే ఎక్కువ పడతాయి.

పైతాడుకి 4 మిల్లీమీటర్ల పారాకార్డ్ చాలు. దాని మీద 550 అని ఉంటే 550 పౌండ్లు తట్టుకుంటుందని, అంటే సుమారు 250 కిలోలు. ఇంకా సన్నది వాడొచ్చు, కానీ సన్న తాడు చేతిని కోస్తుంది. డైవర్ తాడుకి మాత్రం కొంచెం సన్నదే మేలు. లావు తాడు నీళ్లకి ఎక్కువ అడ్డం పడి డైవర్‌ని దిగనివ్వదు. నాది 3 మిల్లీమీటర్ల అల్లిక నైలాన్, తారు పూసింది. తారు పూసిన తాడు బిరుసుగా ఉంటుంది కాబట్టి బకెట్లో వేసినప్పుడు చుట్టలు చుట్టలుగా కూర్చుంటుంది, మెలికలు పడదు.

ఇప్పుడు రబ్బరు. లగేజీ కట్టుకునే సాగే తాడు ఉంటుందే, అదే. కాకపోతే లావుపాటిది, 8 నుంచి 10 మిల్లీమీటర్లది, ఒక మీటరు ముక్క. దాని ఒక కొస, మన తాడు కొస రెండూ పడవ మీద ఒకే గట్టి క్లీట్‌కి (తాళ్లు కట్టే కొమ్ముకి) కట్టాలి. రెయిలింగు స్తంభానికి వద్దు. తర్వాత తాడు వెంబడి కొలుచుకుంటూ పోయి, 1.75 మీటర్ల దగ్గర చిన్న ఉచ్చు వేసి, రబ్బరు రెండో కొసను దానికి కట్టాలి. అంటే మీటరు రబ్బరు పక్కన మీటరు ముప్పావు తాడు వదులుగా వేలాడుతూ ఉంటుంది. చేప కొడితే ముందు రబ్బరు సాగుతుంది. అది తన పొడవుకి దాదాపు రెట్టింపు దాకా సాగగలదు, ఆ హద్దుకి చేరే లోపే తాడు బిగిసి బరువు మోస్తుంది. వదులు తాడు రెండు మీటర్లు దాటిందంటే రబ్బరు తెగి ముఖాన కొడుతుంది. మరీ తక్కువైతే సాగుడే ఉండదు. ఈ కొలత కళ్లతో వేసే అంచనా కాదు, టేపు పెట్టి కొలవాల్సిందే. రబ్బరుకి మామూలు ముడి వేస్తే సాగినప్పుడు సన్నబడి జారిపోతుంది. కొసను మడిచి, సన్నటి దారంతో ఇరవై చుట్లు బిగించి చుట్టండి.

తాడుకీ ఎరకీ మధ్య లీడర్, అంటే మోనో (ఒంటి పోగు) నైలాన్. పైతాడుకి 90 కిలోలది 4 మీటర్లు. డైవర్ వెనకకి 45 నుంచి 60 కిలోలది. మొత్తం వరసలో లీడరే అన్నిటికన్నా బలహీనంగా ఉండాలి. మనం పట్టలేనంత పెద్దది ఏదైనా తగులుకుంటే ఎర ఒక్కటే పోవాలి, తాడూ డైవరూ మన దగ్గరే ఉండాలి. తాడుని లీడర్‌తో కలిపే చోట బాల్ బేరింగ్ స్వివెల్ (పురి ఎక్కకుండా తనలో తాను తిరిగే లింకు) పెట్టండి. మామూలు పీపా స్వివెల్ బరువు పడగానే తిరగడం మానేస్తుంది, ఇంకాసేపటికి తాడంతా పురి ఎక్కిపోతుంది.

ఈ మందం మోనోకి ముడి సరిగ్గా బిగియదు, క్రింపు అనే చిన్న లోహపు గొట్టం వేసి నొక్కాలి. నేను చేసిన తప్పు మీరు చేయకూడదని కొంచెం వివరంగా చెప్తున్నాను. గొట్టం లీడర్ మందానికి సరిపోవాలి, రెండు పోగులూ కాస్త బిగువుగా దూరాలి. కొసను గొట్టంలోంచి పోనిచ్చి, గాలం కన్నంలోంచి తిప్పి, మళ్లీ గొట్టంలోకి తెచ్చి ఒక 5 మిల్లీమీటర్లు బయటికి వదలాలి. ఆ కొసకి లైటర్ మంట దగ్గర పెడితే చిన్న ఆవగింజలా గుండ్రబడుతుంది. అసలు పోగుకి వేడి తగలకూడదు. ఇక నొక్కేటప్పుడు గొట్టాన్ని అంచు దాకా నొక్కకండి. రెండు చివర్లా ఒక్కో మిల్లీమీటరు వదిలేస్తే ఆ అంచులు గంట మూతిలా విచ్చుకుని ఉంటాయి. నేను మొదట్లో చివరి దాకా కసిగా నొక్కేదాన్ని. ఆ అంచే కత్తిలా తయారై లీడర్‌ని కోసేసేది. నేను మాత్రం చేప కొరికేసిందని అనుకునేదాన్ని.

ఎర గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే ఎవరి నమ్మకం వాళ్లది. సీసం తలకి ఈకలు కట్టినదో, రబ్బరు కుచ్చులున్న స్క్విడ్ బొమ్మ లాంటిదో, సీసం ముక్కు ఉన్న దేవదారు కొయ్య ముక్కో, ఏదైనా సూర తింటుంది. అరచేతి పొడవు చాలు. చూడాల్సింది గాలం ఎక్కడ నిలిచిందన్నదే: దాని వంపు కుచ్చుల చివరకి వచ్చేలా ఉండాలి. లోపలే ఉండిపోతే లీడర్ మీద ఒకటి రెండు పూసలు గుచ్చి వెనక్కి జరపండి. మొన తగినంత పదునుందా అంటే గోరు మీద పెట్టి లాగండి. జారితే ఆకురాయి తీయండి, గీరుకుంటే సరే.

అసలు సరదా డైవర్‌లో ఉంది. చూడ్డానికి అదొక రేకు ముక్క, ముందు భాగంలో కింద సీసం బరువు, పైన వంగిన కడ్డీ, ఆ కడ్డీ మీద జారే ఉంగరం. గాలిపటానికి సూత్రం ఎక్కడ కట్టామన్నదాన్ని బట్టే కదా అది ఎగరడం, దొర్లడం! ఇదీ అంతే, కాకపోతే ఇది కిందికి ఎగిరే గాలిపటం. ఉంగరాన్ని కడ్డీ మీద వెనక్కి నొక్కి పెడితే రేకు ముక్కు కిందికి వాలుతుంది, ఎదురొచ్చే నీళ్లు దాని వీపు మీద తోస్తాయి, అది దిగుతుంది. వెనకనున్న లీడర్‌ని చేప గుంజిందా, ఉంగరం జర్రున ముక్కు దగ్గరికి జారుతుంది. దాంతో రేకు వాలు పోతుంది, మామూలు రేకులా తాడు వెంట పైకి తేలి వస్తుంది. ఇదే లేకపోతే చేపతో పాటు దిగుడు బలాన్ని కూడా మనమే లాగాల్సి వచ్చేది.

తాడుని కడ్డీ మీదున్న ఉంగరానికి స్వివెల్‌తో, లీడర్‌ని వెనక కన్నానికి ఇంకో స్వివెల్‌తో కట్టండి. వెనక లీడర్ 6 నుంచి 8 మీటర్లు. డైవర్ నీళ్లలో గిలగిలా ఊగుతుంటే సూర దగ్గరికి రాదు, అందుకే అంత దూరం. దాని వెనక కట్టే ఎర తేలికైనదై ఉండాలి. ఒకసారి పెద్ద కుచ్చుల ఎర కట్టాను, దాని ఈడ్పుకే ఉంగరం జారిపోయి డైవర్ మాటిమాటికీ పైకి వచ్చేది. "ఇది ఈత నేర్చుకోలేదే" అని ఆయన ఎగతాళి. ఎర మార్చగానే మునిగింది. డైవర్ నంబరు (అంటే సైజు) పెరిగేకొద్దీ లోతు పెరుగుతుంది, లాగుడూ పెరుగుతుంది. చేత్తో లాగేవాళ్లు చిన్న నంబర్లతో మొదలుపెట్టడం మంచిది.

వేసేటప్పుడు పడవ వేగం తగ్గించాలి. ముందు ఎర, తర్వాత లీడర్, అది పూర్తిగా సాగాక డైవర్. ఉంగరం వెనక్కి ఉందో లేదో చూసుకుని, నీళ్లలోకి దించి, రెండు మీటర్ల తాడు మీద ఒక నిమిషం గమనించండి. నిటారుగా దిగాలి. ఒక పక్కకి ఒరిగి పోతుంటే రేకు వంగిందనో, ముందు స్వివెల్ ఇరుక్కుందనో అర్థం. బాగుంటే తాడు వదులుతూ పోండి, కానీ వదులు పడనీయకండి. వదులైతే ఉంగరం ముందుకి జారిపోతుంది, మళ్లీ మొదటికి.

నా కొలతలు ఇవి: డైవర్ ఒక పక్కన 15 మీటర్ల తాడు మీద, పైతాడు రెండో పక్కన 25 నుంచి 30 మీటర్ల మీద. దిగేది పొట్టిగా, పైది పొడుగ్గా ఉంటే ఒకదాని దారికి ఇంకోటి రాదు. పైతాడు ఎర, పడవ వెనక లేచే ఏదో ఒక కెరటం ముందు ముఖం మీద ఉండేలా ఒకటి రెండు మీటర్లు సర్దండి. వేగం 5 నుంచి 6 నాట్లు, అంటే గంటకి 9 నుంచి 11 కిలోమీటర్లు. పైఎర 7 నాట్లకి కూడా బాగానే పనిచేస్తుంది, కానీ 6 దాటితే నా డైవర్ తనంతట తనే జారిపోతుంది. మలుపులు మాత్రం ఎద్దుబండిలా వెడల్పుగా తిప్పాలి. ఓసారి ఆయన పక్షుల గుంపు కనబడిందని చటుక్కున తిప్పేశారు. రెండు తాళ్లూ జడ అల్లుకున్నాయి, విప్పడానికి మధ్యాహ్నం అంతా పట్టింది. తాళ్లు నీళ్లలో ఉండగా ఇంజను రివర్సు వేయడం అసలే వద్దు. తాడు ప్రొపెల్లర్ పాలవుతుంది.

పక్షులు బాగా వాలుతున్న చోట పైఎర తీసేసి డైవర్ ఒక్కటే ఉంచుతాను. పైఎరను చేపనుకుని పక్షి తన్నుకుపోతే దాన్ని విడిపించడం దానికీ నరకం, మనకీ నరకం.

ఇక చూపంతా రబ్బరు మీదే. పైతాడు రబ్బరు ఊరికే కొంచెం సాగి ఉంటుంది. చేప పడితే జివ్వున సాగుతుంది. డైవర్ తాడుది దీనికి తలకిందులు. డైవర్ లాగుడుకే రబ్బరు ముందే బాగా సాగి ఉంటుంది. చేప పడి ఉంగరం జారగానే ఒక్క కుదుపు, ఆ తర్వాత రబ్బరు పొట్టిదైపోతుంది. కొత్తవాళ్లు అది చూసి "పోయినట్టుంది" అని కూర్చుంటారు. లేచి వెనక్కి చూడండి. డైవర్ నీటి పైన తుళ్లుతూ వస్తుంటే దాని వెనక చేపైనా ఉంది, నాచైనా ఉంది. చిన్న నామాల సూర అయితే ఉంగరాన్ని జార్చేంత బలం ఉండదు, డైవర్ వెనకే ఊరేగుతూ వస్తుంది. అందుకే ఏమీ తెలియకపోయినా అరగంటకోసారి లాగి చూస్తాను.

లాగేటప్పుడు పడవ పూర్తిగా ఆపొద్దు, 2 నాట్లకి తగ్గించండి. ఆపితే తాడు వదులై గాలం ఊడుతుంది. చేతులకి తోలు గ్లవ్స్, పక్కన కత్తి. తాడుని ఎట్టి పరిస్థితుల్లోనూ అరచేతికి చుట్టుకోకూడదు. మా ఆయన ఒక్క చుట్టే చుట్టుకున్నారు, "పట్టు దొరుకుతుందని". చేప కిందికి గుంజేసరికి మనిషి రెయిలింగు మీదికి వంగిపోయారు. రబ్బరు ఉండబట్టి ఆ క్షణంలో చెయ్యి లాక్కోగలిగారు. నాలుగు వేళ్ల మీదా నీలం గీత వారం ఉంది. చుక్కానికి పరిమితమైంది ఆ రోజు నుంచే.

లాగిన తాడు కాళ్ల దగ్గర కాకుండా బకెట్లో పడాలి. డైవర్ చేతికి అందగానే లోపల పెట్టి, ఆ తర్వాత లీడర్‌ని చేతి మీద చెయ్యి వేసుకుంటూ తేవాలి. ఈ దశలో సూర పడవ కింద గుండ్రంగా తిరుగుతుంది. చుట్టులో మన వైపు వస్తున్నప్పుడు లాగండి, దూరంగా పోతున్నప్పుడు ఊరికే పట్టుకోండి. ఎదురు గుంజితే గెలిచేది అదే. పైకి తెచ్చేటప్పుడు కర్ర కొక్కెం తల దగ్గరే దించాలి, మాంసంలో కాదు.

పైకి వచ్చాక తొందరే. సూర వెచ్చటి ఒళ్లున్న చేప, పోరాడాక ఇంకా వేడెక్కుతుంది. తలపై ఒక దెబ్బ కొట్టి, పక్క రెక్క మొదలు నుంచి రెండు మూడు వేళ్లు వెనక్కి, రెండు వైపులా 3 సెంటీమీటర్ల లోతు గాటు పెట్టి నెత్తురు కారనివ్వండి. తర్వాత మంచు, సముద్రపు నీళ్లు కలిపిన పెట్టెలో ముంచాలి, ఉత్త మంచు ముక్కల మీద పడుకోబెడితే చల్లబడడం ఆలస్యమవుతుంది. 4 డిగ్రీల దాకా చల్లబడకుండా ఎండలో ఉంచితే హిస్టమిన్ పుడుతుంది. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, తలనొప్పి తెప్పించేది అదే. ఎంత ఉడికించినా పోదు. మంచు లేని రోజు నేను తాళ్లే వేయను.

సాయంత్రం డైవర్‌నీ స్వివెల్స్‌నీ మంచినీళ్లలో కడుగుతాను. లీడర్ చివరి మీటరుని మాత్రం కళ్లు మూసుకుని గోటి కింద మెల్లగా జార్చి చూస్తాను. కంటికి కనబడని గీత గోటికి తగులుతుంది. తగిలిందంటే అక్కడికి కత్తిరించి, కొత్త గొట్టం వేసి, మళ్లీ నొక్కుతాను, రెండు చివర్లా ఒక్కో మిల్లీమీటరు వదిలేసి.