వెలుతురు, గాలి తక్కువున్న గదిలో సక్యులెంట్లు: సమస్య - పరిష్కారం

గదిలో పెట్టిన సక్యులెంట్ (మందపాటి ఆకుల్లో, కాండంలో నీళ్లు దాచుకునే మొక్క) కాస్త డీలా పడగానే చాలామంది ముందు నీళ్లు పోస్తారు. వెలుతురు, గాలి తక్కువగా ఉన్నచోట ఎక్కువ మొక్కలు చచ్చిపోయేది అందువల్లే. వెలుతురు తగ్గితే మొక్క నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది. గాలి ఆడకపోతే మట్టి ఆరదు. పైగా ఈ మొక్కల్లో చాలా రకాలు ఆకు రంధ్రాలను రాత్రిపూటే తెరుస్తాయి కాబట్టి వాటి నుంచి పోయే తేమ ఎలాగూ తక్కువే. అందుకే కింది లక్షణాల్లో ఏది కనిపించినా, ముందు ఒక పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుని వస్తే నీళ్లు వద్దు.

ఆకులు పసుపుపచ్చగా, మెత్తగా అయి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి

నీళ్లు ఎక్కువయ్యాయి. కాండం మొదలు కూడా నల్లబడితే కుళ్లు మొదలైనట్టే. మట్టి ఆరేదాకా ఆగొద్దు, మొక్కను వెంటనే బయటికి తీయండి. నల్లగా, మెత్తగా ఉన్న వేళ్లన్నీ కత్తిరించండి. కాండం లోపల గోధుమరంగు కనిపిస్తే, శుభ్రమైన భాగం వచ్చేదాకా పైకి కోస్తూ పోండి. ప్రతి కోతకూ ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. ఇక్కడ జాలిపడితే కష్టం, కాస్త కుళ్లు మిగిలినా మళ్లీ పాకుతుంది. మిగిలిన ముక్కను నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, కోసినచోట గట్టి పొర కట్టాక పొడి మట్టి మిశ్రమంలో నాటండి. అందులో కనీసం సగం పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) గానీ ముతక ఇసుక గానీ ఉండాలి. కుండీ మట్టిదైతే మంచిది, అడుగున రంధ్రం మాత్రం తప్పనిసరి. రంధ్రం లేని కుండీలో గులకరాళ్లు పరిచినా ప్రయోజనం లేదు, నీళ్లు లోపలే ఉండిపోతాయి.

ఆకులు ముడతలు పడ్డాయి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే, ఎందుకంటే దీనికి రెండు వ్యతిరేక కారణాలున్నాయి. మట్టి పూర్తిగా పొడిగా ఉంటే అది దాహం. అడుగు రంధ్రం నుంచి కారేదాకా ఒకసారి పోయండి, రెండుమూడు రోజుల్లో ఆకులు నిండుగా అవుతాయి. మట్టి తడిగా ఉండి కూడా ముడతలు పడితే వేళ్లు కుళ్లిపోయి, నీళ్లు పీల్చలేకపోతున్నాయన్నమాట. అప్పుడు పైన చెప్పిన చికిత్సే. అడుగున ఒకటీ రెండు పాత ఆకులు ఎండి రాలితే మాత్రం అది సహజం, టెన్షన్ పడకండి.

కాండం సాగిపోయి, ఆకులు దూరందూరంగా వస్తున్నాయి

వెలుతురు చాలడం లేదు. మధ్యాహ్నం మొక్క ఉన్నచోట తెల్లకాగితం పెట్టి, ఒక అడుగు ఎత్తులో చెయ్యి చాపండి. నీడ అంచులు స్పష్టంగా పడితే ఫర్వాలేదు. నీడే కనపడకపోతే అక్కడ ఎచెవేరియా, సీడమ్ లాంటివి నిలవవు. కిటికీకి దగ్గరగా జరపండి, లేదా తెల్లటి ఎల్ఈడీ గ్రో లైట్‌ను (మొక్కల పెంపకానికి వాడే లైటు) 20-30 సెంటీమీటర్ల ఎత్తులో రోజుకు 12-14 గంటలు వెలిగించండి. చీకటి మూల నుంచి ఒకేసారి ఎండలోకి మారిస్తే ఆకులు కాలిపోతాయి, వారం పదిరోజులు కొంచెంకొంచెంగా అలవాటు చేయాలి. సాగిన కాండం మళ్లీ పొట్టిగా అవ్వదు. తలభాగాన్ని కోసి, ఆరబెట్టి, వేరే కుండీలో నాటుకోవాలి. కింద మిగిలిన మోడునూ పారేయకండి, దాని పక్కల నుంచి పిలకలు రావచ్చు. లైటు పెట్టే వీలు లేదా? హవోర్థియా, గాస్టీరియా, స్నేక్ ప్లాంట్ పెంచుకోండి. తక్కువ వెలుతురుకు ఇవి బాగా తట్టుకుంటాయి.

ఆకుల మీద తెల్లగా ఉంది

ఆకు మొదళ్లలో దూదిలా ఉంటే అది పిండినల్లి అనే పురుగు. గాలి ఆడనిచోట, మొక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నచోట ఇది చాలా త్వరగా వ్యాపిస్తుంది. ఆ కుండీని వేరుచేసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పురుగులను తుడవండి. ముందు ఒక ఆకు మీద పరీక్షించుకుంటే మేలు. పురుగు పూర్తిగా కనపడకుండా పోయేదాకా వారానికోసారి ఇలా చేయాలి. ఆకుమీద పిండి చల్లినట్టు మచ్చలు పాకుతుంటే అది బూడిద తెగులు. ఆ ఆకులు తీసేసి, కుండీల మధ్య ఖాళీ వదిలి, రోజూ కొన్ని గంటలు చిన్న ఫ్యాన్ తిప్పండి. ఎచెవేరియా ఆకులంతటా సమానంగా ఉండే తెల్లటి పూత మాత్రం మొక్క రక్షణకోసం తయారుచేసుకున్న మైనం, దాన్ని తుడవకండి.

మట్టి మీద చిన్న నల్ల ఈగలు

పై మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం. వాటి పిల్లపురుగులు ఆ తడిలోనే బతుకుతాయి. మట్టిని పూర్తిగా ఆరనిస్తూ, ఎగిరే ఈగల కోసం పసుపురంగు జిగురు కార్డులు పెట్టండి.