ఘాట్ ఎక్కగానే తాళం తిప్పెయ్యకండి: సెకండ్ హ్యాండ్ టర్బో బండ్ల జాగ్రత్తలు

మొన్న సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే దారిలోని సుంకి ఘాట్లో ఓ పాత డీజిల్ కారు తాళం తీసేసినా ఆగలేదు. టర్బో (ఇంజిన్లోకి గాలిని గట్టిగా తోసే చిన్న పంకా) సీలు పోయి, తన ఆయిల్ తనే తాగుతూ, నీలం పొగ కక్కుతూ ఇంజిన్ పట్టేసేదాకా రేజ్ అవుతూనే ఉంది. మనుషులకేం కాలేదు. బండి మాత్రం కొన్న కొత్తలోనే పోయింది. చలికాలం ఒడిశాలోని దేవమాలి కొండకి ప్రయాణాలు మొదలవుతాయి, విశాఖ నుంచి కోరాపుట్, జయపురం, రాయగడలకు పాత బండ్లు ఎక్కుతూనే ఉన్నాయి, అందుకే రాస్తున్నా.

టైర్లు, పెయింటు, డెంట్లు మీరే చూసుకుంటారు. నేను చూసినంతలో జనాన్ని ముంచేది ఒకే తప్పు. సాలూరు దాటాక ఘాటంతా తొక్కి తొక్కి ఎక్కుతారు. పైన టీ బడ్డీ కనబడగానే పక్కకు తీసి టక్కున తాళం తిప్పేస్తారు. టర్బో నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది, దాని ఇరుసు తేలేది పల్చటి ఆయిల్ పొర మీద. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపూ ఆగుతుంది. ఆ సెగకి బేరింగులో మిగిలిన ఆయిల్, మూకుట్లో మాడిన నూనెలా నల్లగా పెచ్చు కడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. రోజూ ఇదే చేస్తే బేరింగు అరుగుతుంది, సీలు పోతుంది. సరిగ్గా అప్పుడే ఓనరు బండిని అమ్మకానికి పెడతాడు.

ఎక్కాక ఒకట్రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపండి. టీ చెప్పడానికి ఇంకొకరు దిగుతారు, మీరు తాళం ముట్టుకోకండి.

కొనేటప్పుడు, నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మరోరోజు రండి. స్టార్ట్ చేశాక పొగ చూడండి. "చలికి అన్నా, అంతే" అంటారు. చలికొచ్చే తెల్లటి ఆవిరి కాసేపటికి పోతుంది, నీలం పోదు. మెకానిక్ చేత టర్బో నోటి దగ్గర గొట్టం విప్పించి ఇరుసు కదిపించండి. పక్కలకి కొంచెం ఆడితే ఫర్వాలేదు, ముందుకూ వెనక్కూ ఆడిందో, వదిలెయ్యండి. ఇంటర్‌కూలర్ (టర్బో తోసే గాలిని చల్లబరిచేది) పైపులో ఆయిల్ తడి మామూలే, మడుగు కట్టకూడదు.

"టర్బో కొత్తది వేశాం" అంటే సంబరపడకండి. ఆయిల్ వచ్చే పైపు, సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టిలో) జల్లెడ శుభ్రం చేశారా అడగండి. అవి మూసుకుపోయి ఉంటే కొత్తదీ ఆ దారినే పోతుంది.

కొన్నాక:

ఆయిల్ గ్రేడు మాన్యువల్ చెప్పిందే. షాపువాడు చెప్పింది కాదు.
కొన్న రోజే ఆయిల్, ఫిల్టర్ మార్చండి, పాత బిల్లులు చూపించినా సరే.
పొద్దున్నే స్టార్ట్ చేసి అర నిమిషం ఆగండి. సెమిలిగుడ చలికి ఆయిల్ చిక్కబడి ఉంటుంది.
మట్టి రోడ్ల మీద తిరిగితే ఎయిర్ ఫిల్టర్ తరచూ విప్పి చూడండి. దుమ్ము టర్బో రెక్కలు తినేస్తుంది.
ఎక్కుడులో టాప్ గేర్లో ఈడ్చకండి.
దిగుడులో న్యూట్రల్ వద్దు.
టర్బో కూత పెరుగుతుంటే నడపొద్దు.
డీజిల్ ఇంజిన్ తాళానికి లొంగకపోతే బ్రేకు అదిమిపెట్టి, టాప్ గేర్ వేసి, క్లచ్ వదలండి. బానెట్ ఎత్తకండి.
ఘాట్ పైన వెంటనే ఆపొద్దు. మళ్లీ చెబుతున్నా, వెంటనే ఆపొద్దు.
ఒడిశాలో ఉండి ఆంధ్రా నంబరు బండి కొంటే అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), బండి మీద అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.