అంతర్జాతీయ జూడో పోటీ: కాటా, కొలత దాటి మ్యాట్ ఎక్కడం

మన దగ్గర పోటీల్లో చూసీచూడనట్టు వదిలేసే విషయాలు రెండు: బరువు, డ్రెస్. అంతర్జాతీయ సమాఖ్య పోటీకి మొదటిసారి వెళ్లేవాళ్లకు ప్రత్యర్థి కంటే ముందు ఎదురయ్యేవి ఇవే.

తూకం పోటీకి ముందురోజే ఉంటుంది. మీది 66 కిలోల కేటగిరీ అనుకుందాం. అసలు కాటా ఒక్కసారే ఎక్కనిస్తారు, ట్రయల్ కాటా మీద మాత్రం ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు. ఇంటి కాటాను నమ్ముకుని వెళ్తే అక్కడ 200 గ్రాములు ఎక్కువ చూపించొచ్చు. అందుకే చేరగానే ట్రయల్ కాటా ఎక్కి తేడా రాసుకోండి.

వారం ముందు 68.5 దాటి ఉంటే పై కేటగిరీలో దిగడమే మేలు. దాటకపోతే చివరి రెండు రోజులు జొన్నరొట్టె, ఆకుకూర, పచ్చికూరలు ఆపి తెల్లన్నం, పెరుగు, గుడ్లతో సరిపెట్టుకోండి. పీచు తగ్గితే పేగుల్లో బరువు తగ్గుతుంది, ఒంట్లో సత్తువ పోదు. ఆవకాయ, అప్పడం వద్దు, ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. నీరు తీసే మాత్రలు అసలు ముట్టొద్దు. అవి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఉన్నాయి, పోటీ లేని రోజుల్లో కూడా. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలతో ఈ బరువు దించే పనే పెట్టుకోకండి.

తూకం అయిపోయింది కదా అని ఆ రాత్రి బిర్యానీ మీద పడితే అసలు చిక్కు. పొద్దున చీటీ తీసి కొందరిని మళ్లీ తూస్తారు. డ్రెస్ లేకుండా కేటగిరీ పరిమితికి 5 శాతం మించకూడదు. 66కి అది 69.3 కిలోలు, 48కి 50.4. మించితే ఆ రోజు ఆట లేదు. చెమటతో 1.4 కిలోలు పోగొట్టుకున్నవాళ్లు ఓఆర్ఎస్ నీళ్లు రెండు లీటర్లు, గంటకు అర లీటరు చొప్పున తాగితే చాలు. గడగడా తాగేస్తే కడుపు ఉబ్బుతుంది, ఒంటికి పట్టదు.

ఇక జూడోగీ, అంటే జూడో డ్రెస్. తెలుపు, నీలం రెండూ కావాలి, వీలైతే రెండింటికీ జోడు. సమాఖ్య ఆమోదించిన ఎర్ర లేబుల్ ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. కొత్తది ఒంటికి సరిగ్గా సరిపోయిందని మురిసిపోవద్దు, నూలు గుడ్డ కుదించుకుపోతుంది. మూడుసార్లు ఉతికి ఆరేశాకే కొలవాలి. చేతులు ముందుకు చాపితే డ్రెస్ చేతి అంచు మణికట్టు దాకా రావాలి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. మెడపట్టీ మందం ఒక సెంటీమీటరు లోపు ఉండాలి. పట్టు దొరకనంత బిరుసుగా ఉన్నా తిప్పి పంపేస్తారు కాబట్టి గంజి పెట్టించొద్దు. బెల్టు ముడి నుంచి కొసలు 20 నుంచి 30 సెంటీమీటర్లు వేలాడాలి.

డ్రెస్ వెనక కుట్టే వీపు గుడ్డ మీద ఇంటిపేరు, మన దేశం కోడ్ ఐఎన్‌డీ అక్షరాలు ఉంటాయి. మన ఇంటిపేర్ల స్పెల్లింగు పాస్‌పోర్టులో ఒకలా, ఫెడరేషన్ కాగితాల్లో ఒకలా ఉండటం మామూలే. ఆర్డరుకు ముందే సరిచేయించండి. డ్రెస్ ఉతికాకే కుట్టించండి, ముందే కుట్టిస్తే ముడతలు పడుతుంది.

గోళ్లు ముందురాత్రే తీసుకోండి, వేళ్ల పగుళ్లకు టేపు చుట్టండి. ఒకేచోట రక్తం కారితే డాక్టరు రెండుసార్లే ఆపుతారు. మూడోసారి కారితే ఆట అవతలివాళ్లదే.