జీ-కోడ్ పార్సర్ మొండికేస్తే: సమస్య - పరిష్కారం

జీ-కోడ్ అంటే సీఎన్‌సీ మెషిన్లకు, 3డీ ప్రింటర్లకు ఎలా కదలాలో చెప్పే ఆదేశాల భాష. దాన్ని చదివి ముక్కలుగా విడదీసే ప్రోగ్రామే పార్సర్. పైపైన చూస్తే అక్షరం, అంకె, మళ్లీ అక్షరం, అంకె. దీనికి గ్రామర్ (లైను ఎలా ఉండాలో చెప్పే నియమాలు) ఒక్క సాయంత్రంలో రాసేయొచ్చు అనిపిస్తుంది. నిజమే, రాసేయొచ్చు. షాప్‌లో నడిచే అసలు ఫైళ్లు దానికి తినిపించడం మొదలుపెట్టాకే తలనొప్పి.

సమస్య: "జీ0 ఎక్స్10" (ఎక్స్ అక్షంలో 10కి వేగంగా వెళ్లు) బాగానే నడుస్తుంది. మధ్యలో ఖాళీ తీసేసి "జీ0ఎక్స్10" అని ఇస్తే మాత్రం జీ16 అని చదువుతుంది.

కారణం: నంబరు చదివే పనిని సీ భాష లైబ్రరీలోని ఎస్‌టీఆర్‌టీఓడీ అనే ఫంక్షన్‌కి అప్పగించి ఉంటారు. సీ99 (1999 నాటి సీ ప్రమాణం) నుంచి అది హెక్సాడెసిమల్ (16 ఆధారంగా ఉండే, "0ఎక్స్"తో మొదలయ్యే సంఖ్యలు) కూడా చదువుతుంది. జీ తర్వాత దానికి కనిపించేది "0ఎక్స్10". హెక్స్‌లో 10 అంటే 16. మీ ఎక్స్ అక్షం కాస్తా నంబరు కడుపులోకి పోయింది. చాలా మిల్లింగ్ కంట్రోలర్లలో జీ16 అంటే పోలార్ కోఆర్డినేట్లు (స్థానాన్ని దూరం, కోణాలతో చెప్పడం) ఆన్ చేయడం, కాబట్టి ఎర్రర్ రాకుండా ముందుకు పోయే ప్రమాదమూ ఉంది. దీని తమ్ముడు 3డీ ప్రింటర్ ఫైళ్లలో దొరుకుతాడు: "ఎక్స్1ఈ5"లో ఈ అంటే ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ని బయటికి తోసే భాగం), లైబ్రరీకి మాత్రం అది ఘాతం. ఎక్స్ విలువ లక్ష అయి కూర్చుంటుంది.

పరిష్కారం: నంబరు స్కానర్ సొంతంగా రాసుకోండి. గుర్తు ఉంటే ఉండొచ్చు, తర్వాత అంకెలు, ఒక చుక్క, మళ్లీ అంకెలు. ".5", "5." రెండూ సరైనవే, ఒట్టి చుక్క తప్పు. ఇరవై లైన్లు కూడా పట్టదు.

సమస్య: "వై20" అని మాత్రమే ఉన్న లైను దగ్గర సింటాక్స్ ఎర్రర్.

కారణం: "ముందు కమాండ్, వెనక దాని ఆర్గ్యుమెంట్లు" అని ప్రోగ్రామింగ్ భాషల అలవాటుతో గ్రామర్ రాశారు. జీ1 (సరళరేఖలో కదులు) మోడల్ కోడ్, అంటే ఒక మోడ్‌ని ఆన్ చేసి ఉంచేది. ఒకసారి ఇచ్చాక, అదే గ్రూపులో (ఒకదానితో ఒకటి కలవని కోడ్‌ల జట్టు) ఇంకొకటి వచ్చేదాకా అమల్లో ఉంటుంది. పైగా లైన్లో పదాలు ఏ వరసలోనైనా రావచ్చు.

పరిష్కారం: గ్రామర్‌లో లైను అంటే ఐచ్ఛికంగా ఒక ఎన్ నంబరు (లైను నంబరు), ఆ తర్వాత ఎన్నైనా పదాలు (అక్షరం, దాని నంబరు). అంతకు మించి పెట్టకండి. జీ0, జీ1 ఒకే లైన్లో ఉండకూడదు, జీ1, జీ90 (కొలతలు మూలబిందువు నుంచే) ఉండొచ్చు లాంటి నియమాలు గ్రామర్‌లో ఇరికిస్తే, వరస మారిన ప్రతిసారీ కొత్త రూల్ రాసుకుంటూ పోవాలి. గ్రూపుల పట్టిక ఒకటి పెట్టుకుని, పార్సింగ్ అయ్యాక రెండో దశలో చూడండి. అమలు వరస కూడా అక్కడే తేల్చాలి: స్పిండిల్‌ని తిప్పే ఎమ్3 లైను చివర ఉన్నా, కదలిక కంటే ముందే స్పిండిల్ తిరగాలి.

సమస్య: "#3=15 జీ1 ఎక్స్#3" (#3 అంటే మూడో నంబరు వేరియబుల్) ఇస్తే మీ ప్రోగ్రాంలో ఎక్స్ 15కి పోతోంది, కానీ మెషిన్ #3 పాత విలువకి పోతోంది.

కారణం, పరిష్కారం: అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2000లో ఇచ్చిన ఆర్ఎస్274/ఎన్‌జీసీ (జీ-కోడ్‌లో ఒక రకం) నిర్వచనం ప్రకారం మెషినే కరెక్టు. లైన్లోని విలువలన్నీ లెక్కకట్టాకే అసైన్‌మెంట్లు అమలవుతాయి. వాటిని ఒక లిస్టులో దాచి, చివర్లో రాయండి. అదే నిర్వచనంలో నంబరు మధ్యలో ఖాళీలున్నా చెల్లుతుంది. కామెంట్లు వేరు చేశాక ఖాళీలు తీసేయండి, అసలు కాలమ్ నంబర్లు మాత్రం దాచుకోండి. లేకపోతే ఎర్రర్ ఒకచోట, బాణం గుర్తు ఇంకోచోట.

సమస్య: ఎక్స్‌ప్రెషన్ మాయమై, అక్షరం పక్కన నంబరు లేదంటోంది.

కారణం: మామూలు బ్రాకెట్లు ఇక్కడ కామెంట్లు. లెక్కలకు చదరపు బ్రాకెట్లే వాడాలి.

సమస్య: సిమ్యులేటర్లో 10 మిల్లీమీటర్లు, మెషిన్ మీద 0.010.

కారణం: కొన్ని కంట్రోలర్లలో, సెట్టింగ్‌ని బట్టి, చుక్క లేని "ఎక్స్10" అంటే పది కనీస ప్రమాణాలు, అంటే పది మైక్రాన్లు. "ఎక్స్10." అంటేనే పది మిల్లీమీటర్లు. మీ లెక్సర్ (టెక్స్ట్‌ని టోకెన్లుగా, అంటే చిన్న ముక్కలుగా కోసే భాగం) రెండింటినీ ఫ్లోట్‌గా మార్చేయగానే ఆ తేడా చెరిగిపోయింది.

పరిష్కారం: టోకెన్‌లో విలువతో పాటు "చుక్క ఉందా" అనే జెండా ఒకటి మోసుకెళ్లండి. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఆ కంట్రోలర్ సెట్టింగ్స్ ఫైలే చెప్పాలి, లెక్సర్ కాదు.