మాట్లాడే మీటరు కావాలా? ముందు సదరం సర్టిఫికెట్ మీద తేదీ చదివించుకోండి

అనంతపురంలో మోటర్ వైండింగ్ పనిచేసే అన్న ఒకాయన ఉన్నాడు. చూపు లేదు, కానీ రాగి తీగ ఎంత గేజో వేళ్లతో తడిమి చెప్పేస్తాడు. మూడు ఫేజుల బోరు మోటరు కొసల్ని రెండేసి చొప్పున మల్టీమీటరుతో (వైండింగ్, వైర్లు పరీక్షించే మీటరు) చూస్తే రీడింగ్ మూడుసార్లూ ఒకేలా రావాలి, తేడా వస్తే వైండింగ్ పోయినట్టే. మామూలు మీటరు బీప్ కొడుతుంది, అంకె మాత్రం చెప్పదు. "గవర్నమెంటు మాట్లాడే మీటరు ఇస్తుంది, నేను రాయిస్తా" అని ఒకతను ఆయన దగ్గర రెండు వేలు తీసుకుని ఆరు నెలలు తిప్పాడు.

నాకు తెలిసి, వైకల్యం ఉన్నవాళ్లకు గవర్నమెంటు సాయం సామాను ఇచ్చే శిబిరాల్లో మీటరు ఇవ్వరు. కేంద్రం అడిప్ పథకంలో చూపులేని వాళ్లకు ఇచ్చేవి చేతికర్ర, బ్రెయిలీ సామాను, తెర మీది రాత చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉన్న స్మార్ట్‌ఫోన్, ఇలాంటివి. కాబట్టి ఫోనుకు దరఖాస్తు పెట్టుకుని, బ్లూటూత్ మీటరు సొంతంగా కొనుక్కోవడం మేలు. రీడింగ్ ఫోనుకు వస్తుంది, టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది.

కాగితాలు మామూలువే: ఆధార్, ఫొటోలు, ఆదాయ ధ్రువపత్రం. నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయమైతే పూర్తి ఉచితం, 30,000 దాకా అయితే సగం ధర కట్టాలి. ధ్రువపత్రంలో ఏడాది ఆదాయం రాస్తారు కాబట్టి 2,70,000 దాటిందేమో చూసుకోండి. అదే వస్తువు గత మూడేళ్లలో తీసుకుని ఉంటే మళ్లీ ఇవ్వరు.

జనం వెనక్కి వచ్చేది సదరం దగ్గరే, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే సర్టిఫికెట్ దగ్గర. 40 శాతం ఉండాలన్నది అందరికీ తెలుసు, దాని మీద తాత్కాలికమా శాశ్వతమా అని, గడువు ఎప్పటి వరకు అని కూడా రాసుంటుందని చాలామందికి తెలీదు. మా అన్నది అదే కథ: సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి జేబులో పెట్టుకుని తిరిగాడు, గడువు దాటి ఏడాదైంది, ఆ తేదీ ఆయనకు చదివి వినిపించిన మనిషే లేడు. శిబిరంలో రెండు గంటలు లైన్‌లో నిలబడ్డాక చెప్పారు. మీ ఇంట్లో అలాంటి సర్టిఫికెట్ ఉంటే ఈ రోజే గట్టిగా చదివి వినిపించండి. అందులో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా అన్నదీ చూడండి.

గడువు దాటి ఉంటే కంగారు పడొద్దు. సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ బుక్ చేయించుకుని, ఇచ్చిన రోజున ఆసుపత్రికి వెళ్తే డాక్టర్లు మళ్లీ పరీక్ష చేస్తారు. స్లాట్ ఇప్పిస్తామని, శాతం పెంచిస్తామని గేటు దగ్గర తగులుకునే వాళ్లతో మాట కలపొద్దు. ఆధార్‌కు ఫోన్ నంబరు లింక్ చేయించి పెట్టుకోండి, ఎందుకంటే ఆధార్‌తో మనిషిని సరిచూసేటప్పుడు వైండింగ్ పనిచేసే చేతులకు వేలిముద్ర సరిగా పడదు, కంటి స్కాన్ చూపులేని వాళ్లందరికీ కుదరదు, అప్పుడు ఓటీపీయే దిక్కు.

శిబిరం రెండు విడతలు. మొదటి రోజు పరీక్ష చేసి పేరు రాసుకుంటారు, వస్తువు ఇచ్చేది మరో రోజు. మొదటి రోజు ఇచ్చే చీటీ జాగ్రత్త.

మీటరు కొనేటప్పుడు మీ ఫోను తీసుకెళ్లి, షాపులోనే దాని యాప్ వేసి, టాక్‌బ్యాక్ ఆన్ చేసి అంకె వినండి. కొన్ని యాప్‌లలో అంకె బొమ్మలా ఉంటుంది, టాక్‌బ్యాక్ దాన్ని చదవదు. ఇక కరెంటు ఉందో లేదో చూడ్డానికి వైబ్రేట్ అయ్యే టెస్టర్ వాడితే, ముందు కరెంటు ఉన్న ప్లగ్ దగ్గర పెట్టి అది వైబ్రేట్ అవుతోందని తేల్చుకోండి, తర్వాత మీ వైరు చూడండి, ఆ తర్వాత మళ్లీ అదే ప్లగ్ దగ్గర చూడండి. బ్యాటరీ అయిపోయిన టెస్టర్ 230 వోల్టుల దగ్గరా కిక్కురుమనదు.