ఎండలు ముదరకముందే ఇంటి దగ్గర లారీ ఇంజిన్ కడిగేవాళ్లకు

ఫిబ్రవరి చివరికల్లా మా యర్రగుంట్ల వైపు ఎండ చురుక్కుమంటుంది. సిమెంటు, నాపరాయి లోడ్లకు తిరిగే బండ్ల ఇంజిన్ మీద అప్పటికే ఆయిలూ దుమ్మూ కలిసి అట్ట కట్టి ఉంటుంది. ఆ అట్ట కింద ఎక్కడ ఆయిల్ కారుతోందో, ఏ వైరు తొక్క ఊడిందో కనపడదు. మే నెల మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాట్‌లో లోడుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కిపోయేది, సైలెన్సర్ పక్కన నూనె జిడ్డుకు నిప్పు అంటుకునేది ఇలాంటి బండ్లలోనే. అందుకే ఎండలకు ముందు ఒకసారి కడగమని నేను అందరికీ చెబుతాను. అయితే తొందరపడి కడిగితే బండికే కాదు, మనిషికీ ప్రమాదం.

అన్నిటికన్నా ముందు క్యాబిన్ గురించి చెప్పాలి. ఇంజిన్ దాని కిందే ఉంటుంది, క్యాబిన్‌ను ముందుకు వంచి లేపితేనే చెయ్యి అందుతుంది. ఇంటి ముందు నేల సమంగా ఉన్న చోటే బండి పెట్టండి. పైన కరెంటు తీగలు, పందిరి, చెట్టు కొమ్మలు లేకుండా చూసుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాలి. తర్వాత క్యాబిన్ లోపల ఏమున్నాయో చూడండి. స్టవ్వు, నీళ్ల క్యాను, జాకీ, పానాలు అన్నీ దించేయాలి. క్యాబిన్ ముందుకు వంగగానే అవన్నీ దొర్లుకుంటూ వచ్చి అద్దం మీద పడతాయి. క్యాబిన్‌ను మధ్యలో ఆపకుండా పూర్తిగా లేపి, సపోర్టు రాడ్డు లాక్ పడిందో లేదో చేత్తో కదిపి చూశాకే తల లోపల పెట్టండి. హైడ్రాలిక్ పంపు మీద నమ్మకంతో ఎవరూ క్యాబిన్ కిందికి వెళ్లకూడదు. సీలు పోతే అంత బరువూ ఒక్కసారిగా దిగుతుంది. పిల్లలు చుట్టూ చేరతారు, ఆ కాసేపు వాళ్లను ఇంట్లోనే ఉంచండి.

ఇంజిన్ చల్లగా ఉండాలి. ట్రిప్పు దింపుకొని వచ్చి గంట కూర్చుని కడగడం సరిపోదు. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున ఆరు, ఆరున్నరకు మొదలుపెట్టండి. కాలుతున్న టర్బో మీద, మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే గొట్టం) మీద బోరు నీళ్లు పడితే పోత ఇనుము పగలొచ్చు. వేడి మీద షాంపూ కూడా జిడ్డును వదిలించకముందే ఎండి మరకలు కడుతుంది. రేడియేటర్ మూత అయితే వేడిగా ఉన్నప్పుడు అసలు ముట్టుకోవద్దు. లోపలి నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి, మొహం మీదికి చిమ్ముతాయి.

తర్వాత బ్యాటరీ. లారీలో రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు కలిసి ఇరవైనాలుగు వోల్టులు ఇస్తాయి. ముందు నెగెటివ్ వైరు తీయాలి, పని అయ్యాక చివర బిగించాల్సింది కూడా అదే. పాజిటివ్ ముందు తీస్తే, పానా ఛాసిస్‌కు తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. 2020 ఏప్రిల్ తర్వాత కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన బీఎస్-6 బండ్లలో కీ తీసిన వెంటనే కరెంటు తీసేయకండి. యాడ్ బ్లూ (పొగలో కాలుష్యం తగ్గించడానికి విడిగా పోసే ద్రవం) పైపులో మిగిలినదాన్ని పంపు వెనక్కి లాక్కోవాలి, కొన్ని నిమిషాలు ఆగండి.

సిమెంటు బండ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆ దుమ్ము మీద నేరుగా నీళ్లు కొట్టారంటే రేడియేటర్ సందుల్లో గట్టిపడిపోతుంది, తర్వాత ఏం చేసినా రాదు. ముందు పొడిగా ఉండగానే మెత్తటి బ్రష్షుతో, తక్కువ గాలితో దులపాలి. రేడియేటర్‌కు గాలి ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టండి. అప్పుడే దుమ్ము వచ్చిన దారినే పోతుంది. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. చెమట మీద సిమెంటు పడితే చర్మం కాలుతుంది. వేరుశనగ కట్టె వేసుకొచ్చిన బండి అయితే సైలెన్సర్ పక్కన ఇరుక్కున్న పుల్లలు, ఆకులు ఒక్కటి కూడా మిగలనివ్వకండి.

నీళ్లు కొట్టేముందు ఎయిర్ ఫిల్టర్ నోరు, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో, స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటరు, ఫ్యూజు బాక్సు, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె), వైర్లు కలిసే కప్లర్లు ప్లాస్టిక్ కవర్లతో కప్పి గట్టిగా కట్టండి. ఎయిర్ ఫిల్టర్ దారిలో నీళ్లు సిలిండర్‌లోకి పోతే, స్టార్ట్ చేసినప్పుడు పిస్టన్‌కు నీటిని నొక్కడం చేతకాదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నేను ఒకసారి తొందరలో ఏదీ కప్పకుండా ప్రెషర్ గన్‌తో కొట్టేశాను. మరునాడు గుత్తి దాటాక డాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగింది. డైనమోలోకి నీళ్లు వెళ్లాయి. లోడు బండిని రోడ్డు పక్కన పెట్టుకుని రాత్రంతా టెన్షన్‌తో గడిపాను. అప్పటి నుంచి ఇంజిన్ దగ్గర ప్రెషర్ గన్ వాడటం లేదు. మామూలు పైపుతో, తక్కువ ధారతోనే కడుగుతున్నాను.

జిడ్డు వదిలించడానికి పెట్రోలు వాడకండి. డీజిల్, కిరోసిన్ గన్‌లో పోసి తుంపరగా కొట్టడం మన దగ్గర చాలామందికి అలవాటు. ఆ తుంపర చిన్న రవ్వకు కూడా అంటుకుంటుంది. పైగా రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, మిగిలిన జిడ్డు మీద కొత్త దుమ్ము ఇంకా త్వరగా పట్టుకుంటుంది. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినేస్తుంది. ఇంజిన్ కోసం అమ్మే డీగ్రీజర్‌ను డబ్బా మీద చెప్పిన పాళ్లలో నీళ్లు కలిపి, గ్లౌజులు వేసుకుని బ్రష్షుతో రుద్దండి. బెల్టుల మీద పడనివ్వకండి, జారుతాయి. ఐదు పది నిమిషాల్లో, అది ఎండకముందే కడిగేయాలి.

ఆ జిడ్డు నీళ్లు కాలువలోకి, బావి వైపు పోనివ్వొద్దు. కింద రంపపు పొట్టు గానీ ఇసుక గానీ పరిస్తే నూనె చాలావరకు పీల్చుకుంటుంది. దాన్ని ఎత్తి విడిగా పెట్టండి, కాల్చకండి.

మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎండాక తెల్లగా పొర కడుతుంది. కప్లర్లలో ఆ పొర చేరితే సెన్సర్లు తప్పులు చూపిస్తాయి. అందుకే బనియన్ వేస్టుతో తుడిచి, గాలి కొట్టి, రెండు మూడు గంటలు ఆరనివ్వండి. కట్టిన కవర్లు మరిచిపోకుండా తీయండి, ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్ నోటిది. ఆ తర్వాతే బ్యాటరీ బిగించి స్టార్ట్ చేయండి.

ఇంజిన్ తిరుగుతుండగా డీజిల్ పైపుల దగ్గర తడి కనపడితే వేలు పెట్టి చూడకండి. లారీ టైరులో గాలి ఎనిమిది బార్ల ఒత్తిడి ఉంటే, కామన్ రైలు (సిలిండర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) పైపుల్లో డీజిల్ పదహారు వందల బార్లు, అంతకన్నా ఎక్కువ మీద కూడా ఉంటుంది. కంటికి కనపడని చిల్లు నుంచి వచ్చే ధార గ్లౌజును, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు. ఇంటికి వెళ్లి పసుపు రాసుకుంటే చెయ్యి పోయే ప్రమాదం ఉంది. వెంటనే ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. లీకు చూడాలంటే ఇంజిన్ ఆపి, ఆరిన గుడ్డతో తుడిచి, మళ్లీ స్టార్ట్ చేసి దూరం నుంచి అట్టముక్క పెట్టి చూడండి.

మొదటి ట్రిప్పులో యాభై కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లారనిచ్చి క్యాబిన్ మళ్లీ లేపండి. కడిగిన ఇంజిన్ మీద కొత్త తడి ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి మెకానిక్కుకు చూపించండి.